రివెట్‌కు రెండు చేతులు

పోయిన సోమవారం మధ్యాహ్నం వంటింట్లో చేపలు కడుగుతుంటే ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉండి తీయలేదు. పని ముగించి చూస్తే రాయచోటి నుంచి మేస్త్రి కూతురు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. "అక్కా, మా నాయన పోయినాడు. పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉండాడు. కష్టమేం పడలేదక్కా. మీ బాబాకు గూడా చెప్పు." గొంతు నిలకడగానే ఉంది. తండ్రి పోలికే అనుకున్నాను.

ఇక్కడ అరబ్బు దేశంలో, సల్వా అనే పేటలో నేను వంట చేసే ఇంటి యజమానురాలిని మామా అంటాను, ఆమె భర్తను బాబా అంటాను. ఇద్దరికీ చెప్పాను. మామా వంటింట్లో నా స్టూలు మీద కూర్చుండిపోయింది. పదకొండేళ్ళలో ఆమె ఆ స్టూలు మీద కూర్చోవడం నేను చూడలేదు. బాబా లేచి గ్యారేజీలోకి పోయి, కాసేపు నిలబడి వచ్చాడు. అక్కడిప్పుడు మామా కారు తప్ప ఏమీ లేదు. రెండేళ్ళ కిందటి దాకా అక్కడ ఒక విమానం ఉండేది. దాన్ని పూర్తి చేసింది మేస్త్రి. ఆ పనిలో కొంత నా చెయ్యి కూడా పడింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇంటర్ దాకా చదివినదాన్ని, ఇంటికి ఉత్తరాలు రాసిన అలవాటు తప్ప వేరే రాత తెలియదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

విమానమంటే బొమ్మ కాదు. ఇద్దరు కూర్చునే నిజం విమానం. పెట్టెల్లో విడి భాగాలుగా వస్తుంది, కొన్నవాళ్ళే పుస్తకం చూసుకుంటూ బిగించుకోవాలి. బాబా షుఐబాలో రిఫైనరీ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. విమానం నడిపే లైసెన్సు వయసులో ఉన్నప్పుడే తీసుకున్నాడు. రిటైరయిన ఏడాదే ఆ పెట్టెలు తెప్పించి, రెండు రెక్కలూ సొంతంగా చేసుకున్నాడు. అంతలో భుజం పట్టేసింది. నడిపేదానికి ఇబ్బంది లేదు గానీ రేకులను కలిపే మేకుల్లాంటి రివెట్లు కొట్టే గన్ను ఎత్తి పట్టుకోవడం మానుకోమన్నాడు డాక్టరు. సగం విమానం గ్యారేజీలో దుప్పట్ల కింద ఐదేళ్ళు పడుకుంది. మామా కారు ఎండలో ఉండేది. ఆ సంగతి ఆమె రోజుకొకసారైనా గుర్తుచేసేది. బాబా కొందరు మెకానిక్కులను పిలిపించి చూపించాడు. కార్లకు డెంటింగు చేసేవాళ్ళు వచ్చి ముందుగా సుత్తి తీసేవాళ్ళు. బాబా వాళ్ళకు టీ ఇచ్చి పంపేసేవాడు.

మేస్త్రి మా ఇంటికి వచ్చింది విమానం కోసం కాదు, ఏసీ డక్టు, అంటే చల్లగాలి పోయే రేకు గొట్టం, బాగుచేయడానికి. షువైఖ్‌లో డక్టులు తయారుచేసే వర్క్‌షాపులో ఆయన రేకుల పని మేస్త్రి. బక్కపల్చని మనిషి, తెల్ల గడ్డం. చొక్కా జేబులో ఎప్పుడూ పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం ఒకటి ఉండేది, పళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటిది. చెయ్యి పట్టని చోట లోపల ఎలా ఉందో చూసుకోవడానికి. ఆ రోజు హాల్లో పని ముగించుకుని పోతూ, గ్యారేజీ తలుపు తెరిచి ఉంటే ఆగాడు. నేను వాకిట్లో నీళ్ళు కొడుతున్నాను కాబట్టి చూశాను. ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయాడు. రెక్క మీది దుప్పటి ఒక మూల ఎత్తి, బొటనవేలి గోటిని రివెట్ల వరస మీద మెల్లగా నడిపించుకుంటూ పోయి ఒకచోట ఆపాడు. వెనకాల వచ్చి నిలబడిన బాబాతో, వచ్చీరాని అరబిక్‌లో, ఇది కొంచెం ఎత్తుగా ఉంది అని చెప్పాడు. బాబా గట్టిగా నవ్వాడు. ఆ ఒక్క రివెట్ సంగతి బాబాకూ తెలుసట. ఐదేళ్ళుగా అది కంట్లో నలుసులా ఉందట.

ఆ మరుసటి శుక్రవారం నుంచి మేస్త్రి రావడం మొదలుపెట్టాడు. వారంలో ఆయనకు సెలవు ఆ ఒక్క రోజే. జుమా నమాజు చేసుకుని బస్సులో వచ్చేవాడు. ముందు చేతులు సబ్బుతో కడుక్కునేవాడు, తుడుచుకునేవాడు, మళ్ళీ కడుక్కునేవాడు. చెమట ఉప్పు అల్యూమినియానికి పడదట. అన్నం పెడతానంటే పని అయినాకే తినేవాడు. కడుపు నిండితే చేతికి బద్ధకం వస్తుందని ఆయన నమ్మకం. పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ బాంగు వినబడగానే ఎక్కడి పని అక్కడ ఆపేసి, ఒక్కొక్క రేకు మీదా మెత్తని బట్ట కప్పి పోయేవాడు.

నన్ను ఆ పనిలోకి లాగింది కూడా ఆయనే. రివెట్ కొట్టాలంటే ఇద్దరు కావాలి. బయట నుంచి ఒకరు గన్నుతో రివెట్ తల మీద కొడుతుంటే, లోపల నుంచి ఇంకొకరు దాని తోకకు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. అప్పుడే ఆ తోక నలిగి బిళ్ళలా పరుచుకుని రెండు రేకులను కరిచి పట్టుకుంటుంది. విమానం వెనక భాగం సన్నం. బాబా చెయ్యి పోదు, డ్రైవరు చెయ్యి మోచేతి దగ్గరే ఇరుక్కుంది. నేను టీ తీసుకుపోయినప్పుడు మేస్త్రి గ్లాసు అందుకోకుండా నా చేతుల వంక చూశాడు.

"ఏ ఊరు పాపా?" అని అడిగాడు. లక్కిరెడ్డిపల్లె దగ్గర అన్నాను. "రాగి సంగటి గెలికిన చేతులే గదా. దిమ్మె కదలకుండా పట్టల్ల, అంతే. భయపడాకు" అన్నాడు.

బాబా పోయి మామాను అడిగాడు. మధ్యాహ్నం గిన్నెలు కడిగినాక సాయంత్రం టీ దాకా నన్ను వదలడానికి ఆమె ఒప్పుకుంది. ఎంత తొందరగా ముగిస్తే ఆమె కారు అంత తొందరగా నీడలోకి వస్తుంది మరి.

మొదటి రోజు ఆ చప్పుడుకు నా పళ్ళు కదిలినట్టయింది. నేను సిద్ధమైతే "ఊ" అనాలి, అప్పుడే ఆయన గన్ను నొక్కుతాడు. నా నోట్లోంచి "ఊ" రానిదే ఒక్కసారీ నొక్కలేదు. పదో రివెట్‌కు నా చేతికి ఏదో తెలియడం మొదలైంది. దిమ్మె కింద రివెట్ మెత్తబడి, మెత్తబడి, ఒకచోట గట్టిపడుతుంది. అక్కడ ఆపాలి. నేను చెప్పకముందే ఆయన ఆపేవాడు. బయట నుంచి ఎలా తెలుస్తుందని అడిగితే, నీ "ఊ"లోనే తెలుస్తుంది, భయంగా అంటే చెయ్యి బిగిసింది, విసుగ్గా అంటే చెయ్యి జారింది అని చెప్పాడు. వరస అయ్యాక అద్దం లోపలికి పెట్టి ఒక్కొక్కటీ చూసేవాడు. బాగా లేనిదాన్ని డ్రిల్లుతో తీసేసి మళ్ళీ కొట్టేవాళ్ళం.

"కనపడని పక్కే మనది పాపా. కనపడే పక్క రంగు వేసేవోనిది" అనేవాడు.

ఆయనకు ఇంగ్లిష్ చదవడం రాదు, కానీ డ్రాయింగు చూస్తే చాలు. బాబా పుస్తకం చదివి చెబుతుంటే, మేస్త్రి వేలితో గీత వెంబడి పోతూ ఒక్కోసారి తల అడ్డంగా ఊపేవాడు. ఆ పుస్తకం చలి దేశంలో రాసింది. ఇంజను మీద మూత దగ్గర ఆయన ఆగి, ఇది రాసినాయనకు ఎండ తెలీదు అన్నాడు. డక్టుల మనిషి కదా, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో ఆయనకు కొట్టిన పిండి. మూత కింది భాగంలో వేడి గాలి బయటికి పోయేలా చేప మొప్పల్లాంటి కంతలు పెట్టాలన్నాడు. ముందు అట్టముక్కతో చేసి చూపించాడు, తర్వాత రేకుతో. బాబా లెక్కలు వేసుకుని రెండు వారాలు ఆలోచించి సరే అన్నాడు. ఇంజనులోకి గాలి పోయే చోట దుమ్ము ఆపేదానికి ఇంకో జల్లెడ పెట్టారు. బాబా మోకాలు సరిగా వంగదని, రెక్క మీదికి ఎక్కేదానికి పుస్తకంలో లేని ఒక మెట్టు కూడా చేసిపెట్టాడు. ఆ మెట్టు గురించి బాబా అడగలేదు. ఒక శుక్రవారం వచ్చేసరికి అది చేసుకుని సంచిలో తెచ్చాడు, అంతే.

పని చేస్తూ ఇంటి సంగతులు మాట్లాడేవాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఇక్కడే. ఊరికి పోయిన ప్రతిసారీ విమానంలో రెక్క పక్కన కిటికీ సీటు అడిగేవాడట. పక్కవాళ్ళు మేఘాలు చూస్తుంటే ఈయన రివెట్లు చూసుకుంటూ కూర్చునేవాడట. ముగ్గురు పిల్లలూ పుట్టినప్పుడు తను ఇక్కడే ఉన్నానని ఒకసారి చెప్పాడు. నేను కూడా నా కూతురిని ఏడేళ్ళప్పుడు వదిలి వచ్చినదాన్ని. దిమ్మె ఆనించాను. "ఊ" అన్నాను. ఆయన గన్ను నొక్కాడు.

ఏడాదిన్నరకు విమానానికి రూపు వచ్చింది. తోక మూసేశాం. తెల్ల రంగు పడింది. పరీక్ష చేసే ఆఫీసరు వచ్చే తేదీ కూడా కుదిరింది. అదే నెలలో మేస్త్రికి కంపెనీ నుంచి కబురొచ్చింది. వయసు పైబడింది, ఈసారి ఇక్కడుండే పర్మిట్టు, ఇఖామా, కొట్టించము, టికెట్ తీసుకుని పో అని. ఆయన దాన్ని పెద్ద విషయంగా చెప్పలేదు. ఆరు వారాలుంది, ఈ లోపల ఇది ఎగిరితే చూసి పోతా అన్నాడు. అందరం సంతోషంగానే ఉన్నాం.

ఒకనాడు మామా వంటింట్లోకి వచ్చి తలుపు మూసింది. ఆమె భర్త ఆ విమానంలో ఒక్కడే పైకి పోబోతున్నాడు. అంతకాలం కారు గురించి గొణిగిందే గానీ ఆ మాట ఎత్తలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఈ చేతులు దాని లోపలికి పోయినాయి. నా చేతులు పోలేదు. నిజం చెప్పు, అది గట్టిదేనా?"

గట్టిదే మామా అన్నాను. అని, ఆ పూట అన్నం తినలేకపోయాను.

ఎందుకంటే, తోక మూసే రోజుల్లో ఒక శుక్రవారం ఇంటికి నలభై మంది చుట్టాలు వచ్చారు. మామా రెండుసార్లు పిలిచింది. నా చెయ్యి సన్నటి కంతలోంచి భుజం దాకా లోపల ఉంది, తిమ్మిరెక్కి ఉంది. చివరి వరసలో దిమ్మె పక్కకు వాలింది. వేలితో తడిమితే రివెట్లు బిళ్ళల్లా పరుచుకోలేదు, ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ఏడు. ఆ మూలకు మేస్త్రి అద్దం పోదు. "ఎట్లుండాయి పాపా?" అని అడిగాడు. బాగుండాయి అన్నాను. నా వేళ్ళను నమ్మి ఆయన గన్ను కింద పెట్టాడు. చెయ్యి తీసుకుని నేను వంటింట్లోకి పరుగెత్తాను. తర్వాత చెబుదాం అనుకున్నాను. తర్వాత తోక మూసేశారు, రంగు వేశారు. ఇంక ఎలా చెప్పేది?

మామా అలా అడిగిన తర్వాతి శుక్రవారం మేస్త్రి రాగానే, చేతులు కడుక్కుంటుండగానే చెప్పేశాను. "మేస్త్రన్నా, తోకలో నా చేతి కింద ఏడు వాలిపోయినాయి. బాగుండాయని అబద్ధం చెప్పినా."

ఆయన కొళాయి కట్టేశాడు. "యాడ?" అన్నాడు.

అంతే అడిగాడు. చూపించాను. ఎందుకు చెప్పలేదని అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

తోక మళ్ళీ తెరవాలని మేస్త్రి చెప్పగానే బాబాకు కోపం వచ్చింది. రంగు అయిపోయింది, ఆఫీసరు వచ్చే తేదీ దగ్గరకొచ్చింది. తోక తెరవాలంటే కోయాలి. ఎవరి వల్ల జరిగిందని అడిగాడు. నేను నోరు తెరవబోయాను. మేస్త్రి నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రివెట్‌కు రెండు చేతులు బాబా. ఒక చెయ్యి తప్పితే రెండూ తప్పినట్టే. ఎవరిదని అడగొద్దు, తెరవనీ."

బాబా చాలాసేపు తోక చుట్టూ తిరిగాడు. చివరికి లోపలికి పోయి ఆ పెట్టెలు అమ్మిన కంపెనీకి ఉత్తరం రాశాడు. తోక అడుగున అరచేయంత కంత కోసి, చుట్టూ మందపాటి రేకు వలయం వేసి, మరలతో తీసి పెట్టుకునే మూత పెట్టవచ్చా అని. ఆ ఆలోచన మేస్త్రిదే. జవాబు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆయన ఆరు వారాల్లోంచే పోయాయి. నేను పొద్దున లేస్తే అవే లెక్కపెట్టుకున్నాను. ఆయన మాత్రం ఊరికి తీసుకుపోయే సామాను కొనుక్కుంటున్నాడు, మనవరాలికి గౌను ఏ రంగైతే బాగుంటుందో నన్ను అడుగుతున్నాడు.

కంపెనీ సరేనని డ్రాయింగు కూడా పంపింది. వర్క్‌షాపు వాళ్ళు చివరి రెండు వారాలు ఆయన్ని పనిలోంచి వదిలేశారు కాబట్టి రోజూ వచ్చాడు. కంత కోసి, వలయం వేసి, వెల్లకిలా పడుకుని అద్దం లోపలికి పెట్టాడు. అలా చూస్తూనే ఉన్నాడు.

"తొమ్మిది ఉండాయి" అన్నాడు.

నేను చెప్పింది ఏడే అన్నాను.

"ఏడు వాలినాయి. ఇవి రెండూ వాల్లేదు, పగిలినాయి. గన్ను ఎక్కువసేపు ఒత్తినా. ఇవి నావి." లేచి కూర్చుని మొహం తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పకపోయుంటే నావి గూడా అట్లనే పైకి పోయుండేవి పాపా."

ఆ తొమ్మిదింటినీ తీసేసి, ఒక సైజు పెద్దవి కొట్టాం. ఈసారి నా చెయ్యి పైనుంచి కాదు, ఆ కొత్త కంతలోంచి. తొమ్మిదింటికీ తొమ్మిది "ఊ"లు. మామా గ్యారేజీ గడపలో కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంది. ఆమెకు నేనే ముందు చెప్పాను, గట్టిదే అని నేనన్నది అబద్ధమని. ఆమె కసురుకోలేదు. పని అయ్యాక మేస్త్రికి తన చేత్తో టీ పోసి ఇచ్చింది. ఆఫీసరు వచ్చి ఆ మూత తీసి చూసి, ఇది చాలా మంచి ఏర్పాటు అని రాసుకుని పోయాడు. బాబా నా వైపు చూసి నవ్వాడు. ఆయనకు అప్పటికే అంతా తెలుసనుకుంటాను.

మేస్త్రి టికెట్ ఆదివారానికి. విమానం మొదటిసారి ఎగిరింది దానికి ముందు శుక్రవారం పొద్దున, ఊరి బయట ఎడారిలో సొంత విమానాలున్నవాళ్ళ క్లబ్బులో. మామా కారులో కూర్చుని కళ్ళు మూసుకుని తస్బీ పూసలు తిప్పుకుంది. చక్రాలు నేల వదిలినప్పుడు నేను అరవలేదు, ఏడవలేదు. ఊపిరి పట్టుకుని ఉన్నానని మేస్త్రి చెబితే తెలిసింది. ఆయన పైకి చూడనే లేదు. తల ఒక పక్కకు వంచి, కళ్ళు నేల మీద పెట్టి, విన్నాడు. మూడు చుట్లు తిరిగేదాకా విన్నాడు. తర్వాత "మంచిగుండాది" అని చెప్పి, నీళ్ళ సీసా తీసి సగం తాగి నాకిచ్చాడు.

దిగి వచ్చిన బాబా మేస్త్రిని గట్టిగా పట్టుకున్నాడు. రెండో సీటులో మనిషిని ఎక్కించుకోవాలంటే ముందు ఇన్ని గంటలు ఒక్కడే నడపాలనే నియమం ఉందట. అందుకే ఆయన్ని ఎక్కించుకోలేకపోతున్నానని బాబా చాలా బాధపడ్డాడు. మేస్త్రి మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "నేను ఎక్కే విమానం ఎల్లుండి ఉండాది బాబా. దాంట్లో అన్నం గూడా పెడతారు" అన్నాడు. నా సీటు ఈ పాపకియ్యి అని కూడా అన్నాడు.

బాబా మరిచిపోలేదు. ఆరు నెలల తర్వాత రమ్మన్నాడు. నేను పోలేదు. వంట ఉందన్నాను, తలనొప్పన్నాను. నా చేత్తో పట్టిన రివెట్ల మీద నేనే కూర్చోవాలంటే నాకు భయం. మేస్త్రి ఊరి నుంచి పెట్టే మెసేజుల్లో ప్రతిసారీ అడిగేవాడు, ఎక్కినావా అని. లేదంటే నవ్వేవాడు, తొందరేం లేదులే, అది యాడికీ పోదు అనేవాడు. ఊళ్ళో ఖాళీగా ఏం లేడు. కూతురి ఇంటికి వాన నీళ్ళు పోయే కాలవలు రేకుతో చేశాడు. పక్కింటివాళ్ళు చూసి మాకూ అన్నారు. వీధంతా అవేనట ఇప్పుడు. రెండేళ్ళు పెళ్ళాం చేతి తిండి తిని, మనవరాలిని బడికి దించి, కుర్చీలో కూర్చుని పోయాడు. అంతకన్నా ఏం కావాలి అనుకుంటే దుఃఖం కొంచెం నెమ్మదిస్తోంది.

ఈ శుక్రవారం బాబా ఏమీ అడగలేదు. పొద్దున బయల్దేరుతుంటే నేనే పోయి కారు ఎక్కాను. మామా కూడా వచ్చింది, ఫ్లాస్కులో టీ పోసుకుని. బాబా నన్ను కూర్చోబెట్టి బెల్టు తనే బిగించాడు.

నేల జారిపోయినప్పుడు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఎడారి కింద ఎక్కడో ఉంది. గుడారాలు, గొర్రెల మంద, పైపుల దారి. వెనక తోక వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. కాసేపటికి బిగించిన పిడికిళ్ళు వదిలాను. పట్నం మీదికి చిన్న విమానాలను పోనివ్వరు. దూరం నుంచే తిరిగిపోవాలి. తిరిగే చోట బాబా రెక్క వంచి, వేలితో చూపించి, షువైఖ్ అన్నాడు. దుమ్ములో మసకగా, సముద్రానికి ఇవతల, ఆనుకుని ఆనుకుని వర్క్‌షాపుల మిద్దెలు. వాటి మీద డక్టులు, అడ్డంగా, నిలువుగా, ఒంపులు తిరిగి. ఆయన చేసినవి వాటిలో ఏవో నాకు తెలియదు, బాబాకూ తెలియదు. అడగడానికి ఆయన లేడు. బాబా రెక్కను అలాగే వంచి ఉంచాడు. మేం కదిలేకొద్దీ ఎండ ఒక మిద్దె మీది రేకు వదిలి పక్క మిద్దె మీది రేకును పట్టుకుంటూ, ఒకటి తర్వాత ఒకటి, ఓడరేవు దాకా మెరుస్తూ పోయింది.